ఫీల్డ్ షూట్‌కి ఏ ఎల్ఈడీ లైటు కొనాలి? కుంకుమ పొట్లం జేబులో వేసుకుని షాపుకి వెళ్లండి

"అన్నా, ఐదు వేలలో మంచి లైటు చెప్పు." నన్ను ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. ఊళ్లు తిరిగి ఇంటర్వ్యూలు చేసేవాళ్లు అడుగుతారు, పొయ్యి దగ్గర వంటల వీడియోలు తీసేవాళ్లు అడుగుతారు, పెళ్లిళ్లలో రెండో కెమెరా పట్టుకునే కుర్రాళ్లు అడుగుతారు. అందరూ కోరేది ఒక మోడల్ పేరు. పేరు చెప్పడం నాకు కష్టం కాదు. కానీ కొంతకాలానికి ఆ మోడల్ మార్కెట్లో దొరకదు. పైగా వంట వీడియోకి బ్రహ్మాండంగా పనికొచ్చిన లైటు జాతరలో మోయలేని బరువవుతుంది. అందుకే ఏ కంపెనీ లైటు ఎదురుగా పెట్టినా, అది మీకు పనికొస్తుందో లేదో మీరే తేల్చుకునే పద్ధతి రాస్తున్నాను. ఓపిగ్గా చేస్తే షాపులో అరగంట, ఇంట్లో ఒక సాయంత్రం పడుతుంది.

నా మాట ఒక్కటే. ముందు దూరం, సమయం లెక్క కట్టుకోండి. తర్వాత ఎరుపు రంగు చూసుకోండి. వాట్ల సంగతి ఆ తర్వాతే. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, డబ్బు పోయేది అక్కడే.

సిద్ధం చేసుకోవాల్సినవి

- స్లో మోషన్, ప్రో మోడ్ (కెమెరా సెట్టింగులు మనమే మార్చుకునేది) రెండూ ఉన్న ఫోన్. షూట్‌కి వాడే కెమెరా ఉంటే అది కూడా.
- చిన్న పొట్లంలో కుంకుమ, చిటికెడు పసుపు, ఒక కరివేపాకు రెమ్మ, ఒక తెల్ల ఏ4 కాగితం.
- కొలిచే టేపు. లేదంటే అర మీటరు, ఒక మీటరు, రెండు మీటర్ల దగ్గర ముళ్లు వేసిన తాడు.
- మీ దగ్గర ఇప్పటికే ఉన్న బ్యాటరీలు, పవర్ బ్యాంకు, ఛార్జర్.
- పక్కన కూర్చోబెట్టడానికి ఒక మనిషి. బొమ్మ మీద, గోడ మీద లైటు వేసి చూస్తే చర్మం రంగు తెలియదు.

1. గడిచిన మూడు షూట్లు కాగితం మీద రాయండి

రాబోయేవి కాదు, అయిపోయినవి. రాబోయే షూట్ల గురించి రాస్తే మన ఊహలే రాసుకుంటాం. ఒక్కో షూట్‌కి మూడు సంగతులు చాలు: లైటుకీ మనిషికీ మధ్య ఎంత దూరం ఉండింది, కరెంటు లేకుండా ఎంతసేపు వెలగాల్సి వచ్చింది, లైటు ఎవరు పట్టుకున్నారు.

ఒక ఉదాహరణ చూడండి. పోచంపల్లి వైపు ఒక నేత కార్మికుడి ఇంట్లో గుంట మగ్గం మీద పని తీయాలి. గది చిన్నది, పైకప్పు కిందికి ఉంటుంది, మగ్గం సగం గది ఆక్రమిస్తుంది. లైటు పెట్టడానికి మీటరుకి మించి జాగా దొరకదు. స్టాండు కాళ్లు విప్పితే పడుగు దారాలకు తగులుతాయి. ఇక్కడ 100 వాట్ల పెద్ద లైటు పెట్టెలోంచి తీయడానికే చోటుండదు. దూలానికి క్లాంపుతో బిగించే సన్నటి లైటు కావాలి. అదే ఊరి రచ్చబండ దగ్గర రాత్రి నలుగురు పెద్దలతో మాట్లాడించాలంటే లైటు మూడు మీటర్ల దూరంలో, తల కంటే ఎత్తులో ఉండాలి. అక్కడ ఆ సన్నటి లైటు చాలదు. ఊరు ఒకటే, మనుషులూ వాళ్లే, లైట్లు మాత్రం రెండు రకాలు.

మీ మూడు షూట్లలో రెండింటికి సరిపోయేది కొనండి. మూడోది అద్దెకు తెచ్చుకోవచ్చు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోనే కాదు, చాలా జిల్లా కేంద్రాల్లో కూడా ఇప్పుడు కెమెరా, లైట్లు రోజువారీ అద్దెకిచ్చే షాపులున్నాయి.

2. మిట్టమధ్యాహ్నం ఎండని లెక్కలోంచి తీసేయండి

ఒక చోట పడే వెలుతురుని లక్స్‌లో కొలుస్తారు. నేరుగా పడే ఎండ దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. ఆరుబయట చెట్టు నీడలో పది, ఇరవై వేల దాకా ఉంటుంది. సాయంత్రం ట్యూబ్‌లైటు వేసిన ఇంట్లో వంద నుంచి మూడు వందలు. చేతిలో ఇమిడే 10 వాట్ల చిన్న లైటు అర మీటరు దూరంలో ఇచ్చేది వెయ్యి లక్స్, అటూ ఇటూ.

అంటే ఇంట్లో అదే లైటు కావలసినంత వెలుతురు ఇస్తుంది, పొలం గట్టు మీద పన్నెండు గంటలకి వెలుగుతోందో లేదో కూడా తెలియదు. "ఎండలో మొహం నల్లగా వస్తోంది, ఎన్ని వాట్లు కావాలి" అని అడిగేవాళ్లకి నా జవాబు: లైటు వద్దు. మనిషిని వేపచెట్టు నీడలోకి తీసుకురండి, వెనక మెరిసే ఆకాశం పడకుండా కెమెరా కోణం మార్చండి, పక్కన రెండడుగుల థర్మోకోల్ షీటు పట్టించండి. సినిమా వాళ్లు దశాబ్దాలుగా చేస్తున్న పని అదే. మడత పెట్టే రిఫ్లెక్టరు కొనుక్కుంటే మరీ సులువు. వెండి రంగు వైపు ఎండలో మొహం మీదికి తిప్పకండి, మనిషి కళ్లు తెరవలేడు. తెల్ల వైపు వాడండి.

నీడలో కూర్చున్నాక కూడా లైటుతో మొహం తేల్చాలంటే 60 వాట్లు, ఆ పైన ఉన్న కాబ్ లైటు (ఒకే పెద్ద చిప్పుతో వెలిగేది) కావాలి. అది రిఫ్లెక్టరు గిన్నెతో మీటరు దూరంలో పది వేల లక్స్ దాటిస్తుంది. సాఫ్ట్‌బాక్స్ (వెలుతురుని మెత్తబరిచే తెల్ల తెర గూడు) తగిలిస్తే ఆ అంకె బాగా పడిపోతుంది.

3. రకం ఎంచుకోండి

మార్కెట్లో పేర్లు వందలున్నా ఆకారాలు నాలుగే.

*జేబు లైటు:* అరచేతిలో పట్టేది, చాలావాటికి వెనక అయస్కాంతం ఉంటుంది. కారులో మాట్లాడించేటప్పుడు, టీ కొట్టు రేకుకి అంటించి నిలబెట్టేటప్పుడు దీనికి సాటి లేదు. ముఖ్యమైన లైటుగా పనికిరాదు. అర మీటరు దాటితే ఆశ వదులుకోండి.

*పానెల్:* పుస్తకం సైజు నుంచి టిఫిన్ ట్రే సైజు దాకా. మొదటి లైటు కొనేవాళ్లలో ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే, 25 నుంచి 40 వాట్ల మధ్యది. మామూలు ఇంటర్వ్యూకి, వంటకి, అరుగు మీద సంభాషణకి సరిపోతుంది.

*గొట్టం లైటు:* ట్యూబ్‌లైటు ఆకారంలో ఉండేది. ఇరుకు గదుల్లో, మగ్గం పక్కన, వంటింటి అలమర అంచున బాగా ఇముడుతుంది. పొడుగ్గా ఉంటుంది కాబట్టి వెలుతురు మెత్తగా పడుతుంది.

*కాబ్ లైటు:* ఒకే పెద్ద చిప్పుతో టార్చిలా కొట్టేది. దూరానికి, పెద్ద సాఫ్ట్‌బాక్సుకి ఇదే. కానీ ఫ్యాను, పెద్ద బ్యాటరీ, గట్టి స్టాండు అన్నీ దీని వెంట రావాలి. ఒంటరిగా బైకు మీద తిరిగి షూట్ చేసేవాళ్లు ఇది కొని ఇంట్లో పెట్టేయడం నేను చాలాసార్లు చూశాను.

4. పెట్టె మీద అంకెలు ఇలా చదవండి

వాట్లు అంటే లైటు లాగే కరెంటు. ఇచ్చే వెలుతురు కాదు. మీరు చూడాల్సింది లక్స్. అది ఎంత దూరంలో కొలిచారో కూడా చూడాలి.

మోసం జరిగేది ఇక్కడే. ఒక పెట్టె మీద 2,000 లక్స్, ఇంకోదాని మీద 1,000 లక్స్ అని ఉంటుంది. మొదటిది రెట్టింపు అనుకుని కొంటాం. కిందున్న చిన్న అక్షరాలు చూస్తే మొదటిది అర మీటరులో, రెండోది మీటరులో కొలిచింది. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే మొదటి లైటు మీటరు దగ్గర ఇచ్చేది 500 మాత్రమే. రెండోదే రెట్టింపు బలమైనది. దూరం రాయకుండా లక్స్ మాత్రమే రాసిన పెట్టెని నమ్మకండి.

కెల్విన్ అంకె రంగు ఛాయ చెప్తుంది. 3,200 దగ్గర పాత బల్బు పసుపు, 5,600 దగ్గర పగటి తెలుపు. మన ఇళ్లలో వాడే తెల్ల ఎల్ఈడీ బల్బులు, ట్యూబులు ఎక్కువగా 6,500 దగ్గర ఉంటాయి, కొంచెం నీలంగా కొడతాయి. రెండు ఛాయల మధ్య మార్చుకోగల బై-కలర్ లైటు తీసుకోండి. ఒకే రంగు లైటు అదే ధరలో ఎక్కువ వెలుతురు ఇస్తుంది, నిజమే. కానీ ఊళ్లలో ఏ ఇంట్లో ఏ బల్బు ఉంటుందో మీరు ముందే చెప్పలేరు.

ఆర్‌జీబీ రంగుల లైటు అవసరమా? మనుషుల్ని తీసేవాళ్లకి అక్కర్లేదు. తీసుకున్నా, అందులో తెల్ల ఎల్ఈడీలు విడిగా ఉన్నాయో లేదో కనుక్కోండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మాత్రమే కలిపి చేసిన తెలుపు కింద మనిషి చర్మం పాలిపోయినట్టు కనిపిస్తుంది.

ఇక సీఆర్ఐ. రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, వందకి. 95 దాటింది కావాలి. అయితే ఈ అంకె ఎనిమిది లేత రంగుల సగటు. ముదురు ఎరుపు అందులో లేదు. దాన్ని ఆర్9 అని విడిగా కొలుస్తారు, చాలా పెట్టెల మీద అది రాయరు. తెల్ల ఎల్ఈడీ అంటే నిజానికి నీలం ఎల్ఈడీ మీద పసుపు పూత. చౌక పూతలో ఎరుపే తక్కువ పడుతుంది. కెమెరా కోసం ప్రత్యేకంగా కొలిచే టీఎల్‌సీఐ అనే అంకె కూడా ఇస్తే మంచిదే, అదీ 95 దాటాలి. ఇవన్నీ కంపెనీ వాళ్లు రాసుకున్న అంకెలు. కుంకుమ పొట్లం అవసరమొచ్చేది అందుకే.

5. కుంకుమ పరీక్ష

నేను మొదట్లో ఒక చౌక పానెల్‌తో చీరల షూట్‌కి వెళ్లాను. పెట్టె మీద సీఆర్ఐ 95 అని ఉంది. మగ్గం మీద ఎర్రంచు చీర. రెండు గంటలు తీశాక ఆ చీర నేస్తున్న పెద్దాయనకి వీడియో చూపించాను. ఆయన స్క్రీన్ దగ్గరగా పెట్టుకుని చూసి, "మేం అద్దింది ఈ రంగు కాదు నాయనా" అన్నారు. చీర వైపు చూస్తే చింతనిప్పు లాంటి ఎరుపు. స్క్రీన్ మీద ఇటుక రంగు. ఎడిటింగ్‌లో ఎంత లాగినా ఆ ఎరుపు రాలేదు, లాగితే ఆయన మొహం ఎర్రబడింది. లైటు ఇవ్వని రంగుని కెమెరా ఎక్కడి నుంచి తెస్తుంది? మర్నాడు పొద్దున కిటికీ వెలుతురులో మొత్తం మళ్లీ తీశాను.

అప్పటి నుంచి ఏ లైటు చూసినా ఇలా చేస్తున్నాను:

అ) తెల్ల కాగితం మీద కుంకుమ, పసుపు, కరివేపాకు పక్కపక్కన పెట్టండి. వాటి పక్కన మీ అరచెయ్యి. పసుపుతో చేసిన ముదురు కుంకుమ వాడండి. గులాబీ మెరుపున్న రంగుపొడి ఏ లైటులోనైనా మెరుస్తుంది, పరీక్షకి పనికిరాదు.

ఆ) షాపు గుమ్మం దగ్గర, ఎండ నేరుగా పడని పగటి వెలుతురులో ఒక క్లిప్ తీయండి. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ని కాగితం తెల్లగా కనిపించేలా సెట్ చేయండి.

ఇ) అదే కాగితాన్ని లోపల చీకటి మూలకి తీసుకెళ్లి, పరీక్షించే లైటు ఒక్కటే పడేలా పెట్టి, వైట్ బ్యాలెన్స్ మళ్లీ సెట్ చేసి ఇంకో క్లిప్ తీయండి. షాపు లైట్లు కూడా పడుతుంటే పరీక్ష చెల్లదు. కౌంటర్ కిందైనా, అట్టపెట్టెలోనైనా చేయండి.

ఈ) 3,200, 4,400, 5,600 మూడు చోట్లా చూడండి. కొన్ని లైట్లు ఒక చివర బాగుండి ఇంకో చివర తేలిపోతాయి.

రెండు క్లిప్పులూ పక్కపక్కన పెట్టి చూడండి. కుంకుమ ఇటుక రంగులోకో గోధుమ రంగులోకో పోతే లైటులో ఎరుపు లేదు. అరచేతిలో గులాబీ ఛాయ పోయి బూడిద రంగు కనిపిస్తే అదే జబ్బు. పసుపులో, తెల్ల కాగితంలో పచ్చదనం తొంగిచూస్తే లైటు ఆకుపచ్చ వైపు వాలింది. కొద్దిపాటి పచ్చదనాన్ని ఎడిటింగ్‌లో సరిచేయొచ్చు. లేని ఎరుపుని తేలేరు. అలాంటి లైటు సగం ధరకిచ్చినా వద్దు.

ఆన్‌లైన్లో కొంటే ఈ పరీక్ష పార్సిల్ వచ్చిన రోజే చేయండి. వాపసు గడువు ఎన్ని రోజులో ముందే చూసుకోండి. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసి ఉంచుకోండి.

6. మినుకు పరీక్ష

కంటికి నిలకడగా కనిపించే లైటు నిజానికి సెకనుకి వందలసార్లు, వేలసార్లు ఆరి వెలుగుతూ ఉండొచ్చు. వెలుతురు తగ్గించడానికి చాలా లైట్లు చేసే పని అదే. ఆ వేగం చాలకపోతే వీడియోలో నల్లటి గీతలు పాకుతాయి.

ఫోన్‌ని స్లో మోషన్‌లో, ఉన్నదాంట్లో ఎక్కువ వేగంలో పెట్టండి. సెకనుకి 240 ఫ్రేములు ఉంటే మంచిది. లైటుని తెల్ల గోడ మీదికి తిప్పి గోడని తీయండి. ఇప్పుడు వెలుతురు 100 శాతం, 50, 25, 10, 5 దగ్గర ఒక్కో చోట ఐదు సెకన్లు. ఎక్కువ తప్పులు బయటపడేది పది శాతం కింద. తర్వాత ప్రో మోడ్‌లో షట్టర్ వేగం 1/2000 సెకను పెట్టి మళ్లీ గోడ చూడండి. అడ్డగీతలు కదులుతుంటే స్లో మోషన్‌కి ఆ లైటు పనికిరాదు. మామూలు వీడియోకి పర్లేదనిపిస్తే, గీతలు రాని శాతం ఎంతో రాసుకుని దానికి పైనే వాడండి. వెలుతురు తగ్గించాలంటే లైటుని వెనక్కి జరపండి.

ఒకసారి బ్యాటరీ మీద, ఒకసారి గోడ కరెంటు మీద, రెండు విధాలా చూడండి. ఛార్జర్ నాసిరకమైతే బ్యాటరీ మీద రాని గీతలు కరెంటు మీద వస్తాయి.

ఒక సంగతి మరిచిపోకండి. మీ లైటు మంచిదే అయినా ఆ ఇంటి బల్బు మినుకుతుండొచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇంటి బల్బులు సెకనుకి 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే ఆ గీతలు పోతాయి. ఫోన్లలో సొంతంగా వచ్చే 1/60 దగ్గరే ఈ గొడవ ఎక్కువ.

7. బ్యాటరీ లెక్క

బ్యాటరీ మీద ఎంఏహెచ్ అంకె చూసి మురిసిపోకండి. వోల్టులతో గుణించి వాట్-అవర్లు చూడండి. ఆ అంకెని లైటు వాట్లతో భాగిస్తే గంటలు వస్తాయి. దారిలో పోయే నష్టానికి ఐదో వంతు తీసేయండి.

సోనీ ఎన్‌పీ-ఎఫ్ ఆకారం బ్యాటరీలు చాలా లైట్లకి పడతాయి. వాటిలో చిన్నది 550, సుమారు 16 వాట్-అవర్లు. పెద్దది 970, సుమారు 48. 30 వాట్ల పానెల్‌ని 970 మీద నిండు వెలుతురులో నడిపితే 48ని 30తో భాగించి 1.6 గంటలు, ఐదో వంతు తీసేస్తే దాదాపు గంటా పావు. వెలుతురు సగానికి తగ్గిస్తే రెట్టింపు సమయం వస్తుంది. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే 74 వాట్-అవర్లు. 10 వాట్ల జేబు లైటుని అది ఐదారు గంటలు లాగుతుంది. 60 వాట్ల కాబ్‌కి 98 వాట్-అవర్ల వీ-మౌంట్ (పెద్ద కెమెరాలకి వాడే బ్యాటరీ) పెడితే గంటా ఇరవై నిమిషాలు.

లోపల అతికించేసిన బ్యాటరీ ఉన్న లైటా, మార్చుకునే బ్యాటరీ ఉన్న లైటా? ఫీల్డ్ పనికైతే నేను ఎప్పుడూ మార్చుకునేదే తీసుకోమంటాను. లోపలి బ్యాటరీ రెండేళ్లకి నీరసపడితే లైటంతా పోయినట్టే. ఒకవేళ లోపలిదే కొంటే, ఛార్జ్ అవుతూ కూడా వెలుగుతుందా, నిండు వెలుతురు ఇస్తుందా అని షాపులోనే మీ పవర్ బ్యాంకు తగిలించి చూడండి. టైప్-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన సరిపోదు. పెద్ద లైట్లకి పీడీ (టైప్-సీ మీద ఎక్కువ వాట్లు ఇచ్చే పద్ధతి) ఉన్న పవర్ బ్యాంకు, దానికి తగిన కేబుల్ కావాలి. లేకపోతే వెలుతురు సగంలోనే ఆగిపోతుంది.

హెచ్చరికలు: ఉబ్బిన బ్యాటరీని ఇంకొక్క షూట్‌కి కూడా వాడకండి. మే నెలలో కారులో, బైకు డిక్కీలో బ్యాటరీలు వదిలేయకండి, రెంటచింతల, రామగుండం ఎండల్లో కారు లోపలి వేడికి బ్యాటరీలు దెబ్బతింటాయి. విమానంలో విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి, 100 వాట్-అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. శీతాకాలం లంబసింగి లాంటి చోటికి వెళ్తే బ్యాటరీ తొందరగా పడిపోతుంది. విడి బ్యాటరీల్ని స్వెట్టర్ లోపలి జేబులో ఉంచుకోండి.

8. ఫ్యాను చప్పుడు, వేడి, బిగింపు

లైటుని నిండు వెలుతురులో పదిహేను నిమిషాలు వదిలేయండి. కొన్నిటిలో ఫ్యాను మొదట్లో తిరగదు, వేడెక్కాకే మొదలవుతుంది. అప్పుడు మీ మైకు మీటరు దూరంలో పెట్టి రికార్డు చేసి హెడ్‌ఫోన్లలో వినండి. షాపు రొదలో ఫ్యాను వినపడదు, ఇంట్లో రాత్రి పూట వినపడుతుంది. ఊళ్లో తెల్లవారుజామున తీసే ఇంటర్వ్యూలో ఇంకా గట్టిగా వినపడుతుంది. ఫ్యాను లేని లైటైతే వెనక చెయ్యి పెట్టి చూడండి. పట్టుకోలేనంత కాలితే కొన్నాళ్లకి వెలుతురు తగ్గిపోతుంది.

కింద మామూలు కెమెరా స్క్రూ పడుతుందా, దాని గాడి లోహమా ప్లాస్టిక్కా చూడండి. ప్లాస్టిక్ గాడి నాలుగు షూట్లకే అరుగుతుంది. మీట తిప్పితే వెలుతురు మెల్లగా మారాలి, ఒక్కసారిగా ఎగరకూడదు. ఆపి మళ్లీ వేస్తే పాత సెట్టింగులోనే వెలగాలి. చిన్న విషయమే గానీ బ్యాటరీ మార్చిన ప్రతిసారీ కెల్విన్ మళ్లీ పెట్టుకోవాల్సి వస్తే ఏదో ఒకసారి తప్పుతుంది.

9. డబ్బు పంచుకోండి

చేతిలో పది వేలుంటే లైటు మీద ఐదారు వేలకి మించి పెట్టకండి. మిగతాది రెండు బ్యాటరీలకి, ఒక గట్టి స్టాండుకి, ఒక సాఫ్ట్‌బాక్సుకి పోవాలి. పది వేల లైటుని నేరుగా మొహం మీద కొట్టిన దానికంటే, ఐదు వేల లైటుకి మంచి తెర కట్టి కొట్టిన మొహం వందసార్లు బాగుంటుంది. ముక్కు నీడ మెత్తబడుతుంది, నుదుటి చెమట మెరవదు.

సాఫ్ట్‌బాక్స్ కొనలేకపోతే బటర్ పేపర్ చాలు. లేదా ఉతికి మెత్తబడ్డ తెల్ల పంచెని రెండు కర్రలకి కట్టి లైటుకి అడుగున్నర ముందు నిలబెట్టండి. పంచె పూర్తిగా తెల్లదై ఉండాలి. నీలిమందు ఎక్కువైతే మొహం మీద నీలం పడుతుంది. కాబ్ లైటు మీద గుడ్డ, కాగితం నేరుగా కప్పకండి, వేడికి నిప్పంటుకోవచ్చు.

10. ఇంట్లో చివరి పరీక్ష

కొన్న సాయంత్రమే చేయండి. బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, లైటుని నిండు వెలుతురులో గోడ మీదికి పెట్టి, కెమెరా ఎక్స్‌పోజర్ లాక్ చేసి (వెలుతురు సెట్టింగు తనంతట తను మారకుండా), పది నిమిషాలకొక ఫోటో తీస్తూ పోండి. లైటు ఆరే దాకా. ఫోటోలు వరసగా చూస్తే రెండు సంగతులు తెలుస్తాయి. నిజంగా ఎంతసేపు వెలిగింది? చివరిదాకా ఒకే వెలుతురు ఇచ్చిందా, మధ్యలో జారిపోయిందా? కొన్ని లైట్లు గంట వెలుగుతాయి గానీ ఇరవయ్యో నిమిషం నుంచే తగ్గుతూ వస్తాయి. ఇంటర్వ్యూ మొదట్లో, చివర్లో మొహం ఒకేలా ఉండదు, కట్ చేసి అతికిస్తే తేడా తెలిసిపోతుంది. వచ్చిన సమయం 7వ మెట్టులోని లెక్క కంటే చాలా తక్కువైతే బ్యాటరీ మీద అంకె అబద్ధం. గడువులోపల వాపసు ఇవ్వండి.

సరిపోతే ఆ నిమిషాల్ని బ్యాటరీ మీదే మార్కర్‌తో రాసేయండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

*లైటుని కెమెరా నెత్తిన పెట్టడం.* మొహం చదునుగా, చపాతీలా వస్తుంది, కళ్లజోడులో లైటు చుక్క కనిపిస్తుంది. పక్కకి జరిపి, కంటి కంటే కొంచెం ఎత్తులో పెట్టండి. గదిలో కిటికీ ఎటుందో లైటు కూడా అటే ఉంటే సహజంగా ఉంటుంది. కళ్లజోడు మెరుస్తుంటే లైటుని ఇంకా పైకి ఎత్తండి.

*ఇంటి ట్యూబ్‌లైటుని అలాగే వదిలేయడం.* ఒక చెంప నీలం, ఒక చెంప పసుపు. ఇంటివాళ్లని అడిగి ట్యూబ్‌లైటు ఆపండి. ఆపడం కుదరకపోతే మీ లైటుని 6,500కో, ఉన్నంత చివరికో తిప్పి దానికి దగ్గర చేయండి.

*పెద్దవాళ్ల కళ్లలోకి నేరుగా కొట్టడం.* కంటి ఆపరేషన్ అయినవాళ్లుంటారు, నీళ్లు కారుతున్నా మొహమాటానికి చెప్పరు. ముందే అడగండి. పది శాతంతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ఒకేసారి నిండుగా వెలిగించకండి.

*స్టాండుకి బరువు కట్టకపోవడం.* సాఫ్ట్‌బాక్స్ తగిలించిన స్టాండు గాలికి తెరచాప. గోదావరి గట్టు మీద, సముద్రం ఒడ్డున చిన్న గాలి చాలు పడిపోవడానికి. రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు కట్టి వేలాడదీయండి. ఇసుక దొరికితే బియ్యం సంచిలో పోసి కాలి మీద వేయండి. పిల్లలు తిరిగే చోట ఒక మనిషి స్టాండు దగ్గరే ఉండాలి.

*వానాకాలం తొలకరి రాత్రి తయారీ లేకుండా వెళ్లడం.* వాన వెలిసిన సాయంత్రం లైటు వేసిన పది నిమిషాల్లో ఉసిళ్లు ముసురుకుంటాయి. మాట్లాడే మనిషి నోట్లోకి, మైకు మీదికి, ఫ్యాను రంధ్రాల్లోకి వెళ్తాయి. కెమెరా ముందు రెక్కలు రాలుతూనే ఉంటాయి. పురుగుల్ని నీలం ఎక్కువున్న తెల్ల వెలుతురు లాగినంతగా పసుపు వెలుతురు లాగదు. మీ లైటుని 3,200కి దించండి. ఇరవై అడుగుల అవతల ఇంకో తెల్ల బల్బు నిండుగా వెలిగించి పెట్టండి, చాలావరకు అటు పోతాయి. షూట్ అయ్యాక ఫ్యాను జాలీలో ఇరుక్కున్న రెక్కల్ని పాత టూత్‌బ్రష్‌తో తీసేయండి. అలాగే వదిలేస్తే తర్వాతి షూట్‌లో లైటు వేడెక్కి తనంతట తనే ఆగిపోతుంది.